పంపు కడుపులో గులకరాళ్ళు

తెల్లవారుజామున ద్వారకా నగర్ మేలుకొను వేళ కొన్ని ధ్వనులు తప్పక వినవచ్చును. బస్సుల సముదాయము నుండి మొదటి బస్సు హారను, వీథి మలుపున పాల పెట్టెలు దింపు చప్పుడు, ప్రతి మేడ క్రిందను సంపు నుండి పైకప్పు మీది తొట్టికి నీరెక్కించు మోటారు రొద. ఈ మూడవదానిని గూర్చి ఎవరును ఆలోచింపరు. అది నిలుకడగా నున్నంత వరకు ఆలోచింప బనియు లేదు. కాని ఒక్కొక్కనాడు ఆ రొద మారును. లోపల ఎవరో గుప్పెడు గులకరాళ్ళు పోసి త్రిప్పుచున్నట్లు గరగరమని శబ్దము వచ్చును. పంపు విప్పి చూచినచో ఒక్క రాయియు కనబడదు.

ఆ రాళ్ళు లేని రాళ్ళ చప్పుడే నేటి ప్రసంగ విషయము. ఇంటి మోటారులో అది చిన్న చికాకు మాత్రమే. పెద్ద కడుగుడు ఏర్పాటులలో, అనగా పాలకేంద్రపు గొట్టములను, ఓడల అడుగులను, బస్సులను, ఉక్కు మిల్లులలో ఎర్రగా కాలిన దిమ్మెల మీది పొట్టును నీటితో కడుగు చోటుల, అది చాల దూరము పోవు వ్యవహారము. పైన చెప్పిన పాల పెట్టెతోనే మొదలు పెట్టుదము.

నగరమునకు పాలు పంపు ఏ కేంద్రములోనైనను పాలు తొట్టి నుండి తొట్టికి, అచటి నుండి వేడిచేయు యంత్రమునకు, చల్లార్చు యంత్రమునకు, సంచులు నింపు యంత్రమునకు స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టములలోనే ప్రయాణము చేయును. పని ముగిసిన పిదప ఇన్ని గొట్టములను విప్పి కుంచెతో తోముట జరుగు పని కాదు. కావున గొట్టములు ఉన్నచోటనే ఉండును. కడుగు నీరే వాని లోనికి పోవును. మొదట చన్నీరు. తరువాత 70, 80 డిగ్రీల వేడి గల కాస్టిక్ సోడా ద్రవము, నూటికి ఒకటి రెండు పాళ్ళది. మరల నీరు. పిదప పలుచని నత్రికామ్లము. తుదకు మరల మంచినీరు. సోడా క్రొవ్వును విడదీయును. ఆమ్లము పాలలోని ఖనిజములు గోడకు పట్టి గట్టిపడిన పొరను కరగించును.

ఇందులో కుంచె పని చేయునది నీటి వేగము. గొట్టములో నీరు సెకనుకు 1.5 మీటరుకు తగ్గకుండ పరుగెత్తవలెనని ఈ వృత్తిలోని వారు పాటించు నియమము. అంత వేగమున్నప్పుడు నీరు సుడులు తిరుగుచు గోడను ఒరసికొని పోవును. వేగము తగ్గెనా, గోడ ప్రక్కన నీరు సోమరిగా జారిపోవును. సోడాయు వేడియు ఉండియు పొర నిలిచిపోవును. ఆ పొరలో సూక్ష్మజీవులు తలదాచుకొనును. మరునాటి పాలు ఎంత మంచివైనను ఆ గొట్టము గుండనే రావలెను. సాయంత్రమునకే విరిగిన పాలను చూచి ఎండను తిట్టుకొను గృహిణి, ముందటి రాత్రి ఎక్కడనో ఒక పంపు గరగరలాడినదేమో యని అనుమానింపదు. అనుమానింపవలసిన వారు పంపు ప్రక్కన నున్నవారు.

ఇంతకును ఆ చప్పుడేమి? నీరు మరిగి, మరుక్షణమే ఆ ఆవిరి మరల నీరగుచున్న చప్పుడది.

నీరు 100 డిగ్రీల వద్ద మరుగునని బడిలో చదివితిమి. ఆ మాటకొక షరతు కలదు: గాలి బరువు పూర్తిగా మీద నున్నచోట, అనగా సముద్రపు టొడ్డున. విశాఖలో అది సరియే. ఇచటి నుండి రైలెక్కి అరకు లోయకు పోయినచో, అది సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున, నీరు 97 డిగ్రీలకే మరుగును. వంటింటి ప్రెషర్ కుక్కరులో దీనికి విరుద్ధము జరుగును. ఒత్తిడి పెరుగుటచే నీరు 120 డిగ్రీల వరకు మరుగకుండ నిలుచును. అట్లుగాక ఒత్తిడిని తగ్గించుచు పోయినచో 80 డిగ్రీల నీరు మరుగును, 60 డిగ్రీల నీరు మరుగును, తుదకు కుండలోని 30 డిగ్రీల నీరు సైతము మరుగును. పొయ్యి అక్కరలేదు.

పంపు నీటిని లాగునని మనము అందుము. నిజమునకు పంపు లాగదు. దాని చక్రము తిరిగి, నడుమ నున్న నీటిని అంచులకు విసరును. నడుమ ఒత్తిడి తగ్గును. ఆ లోటులోనికి వెలుపలి గాలి బరువు తొట్టిలోని నీటిని నెట్టును. గాలి ఎంత నెట్టగలదో దానికొక హద్దు కలదు. నీటిని పీల్చు పంపు కొంత ఎత్తుకు మించి నీటిని ఎక్కింపలేదని గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. కారణము గాలి బరువేయని అతని శిష్యుడు టారిచెల్లి తెలిపెను. ఆ హద్దు సముద్రమట్టము వద్ద సుమారు 10.3 మీటర్లు.

చక్రము నడుమ ఒత్తిడి మితిమీరి పడిపోయినప్పుడు అచటి నీరు చిన్నచిన్న ఆవిరి బుడగలుగా విచ్చుకొనును. ఆ బుడగలు చక్రపు రెక్కల వెంట అంచువైపు జరుగును. అచట ఒత్తిడి ఎక్కువ. బుడగ నిలువలేదు, అన్ని వైపుల నుండి నీరు మీదబడి దానిని నలిపివేయును. రెక్కకు దాపున నలిగిన బుడగ సమముగా నలుగదు. ఒకవైపు లోనికి కుంగి, సన్నని నీటి సూది వలె రెక్కను పొడుచును. ఒక్క పోటు లెక్కలోనిది కాదు. గంటకు కోట్ల పోట్లు పడినచో ఉక్కు సైతము తేనెపట్టు వలె గుంటలు పడును. దీనినే ఇంజనీర్లు కేవిటేషన్ అందురు. తెలుగున బుడగపోటు అనుకొందము. మన సముద్రతీరమున దీనికి తోడొకటి కలదు: ఉప్పునీటి తుప్పును అడ్డుకొను పలుచని పొరను బుడగపోటు చెరపివేయును; బోసిపోయిన లోహమును తుప్పు తినును. రెండును కలిసి తిన్నచో చక్రము ఎంతకాలమో నిలువదు.

ఈ విద్య మొదట తెలిసినది పంపుల వలన కాదు, ఓడల వలన. ఆవిరి టర్బైనును కల్పించిన చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అను చిన్న ఓడను కట్టించి, తన యంత్రమునకు తగిన వేగము రాక కలతచెందెను. తప్పు యంత్రములో లేదు. మితిమీరిన వేగముతో తిరుగు ప్రొపెల్లరు నీటిలో బుడగలను పుట్టించి, నీటికి బదులు వానినే త్రిప్పుచుండెను. పార్సన్స్ 1895లో ఒక చిన్న నీటి సొరంగమును చేయించి, అందులో ఒత్తిడి తగ్గించి, బుడగలను కంటితో చూచెను. తరువాత మూడు ఇరుసులకు తొమ్మిది ప్రొపెల్లర్లను అమర్చగా, 1897లో బ్రిటిషు నౌకాదళ ప్రదర్శనలో ఆ ఓడ అందరి కన్నుల యెదుట మిగిలిన ఓడలను మించి పరుగెత్తెను. బుడగ నలుగు గణితమును లార్డ్ రాలీ 1917లో వ్రాసెను. అట్టి సొరంగము నేడు మన విశాఖలోనే కలదు. 1969లో స్థాపితమైన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఓడల యొక్కయు టార్పెడోల యొక్కయు ప్రొపెల్లర్లను బుడగపోటు సొరంగమున పరీక్షింతురు.

మరల పంపు వద్దకు వత్తము. రోగము తెలిసిన పిమ్మట లెక్క కష్టము కాదు. ఇంటి జమాఖర్చు వంటిదే. గాలి బరువు మనకు ఇచ్చు జీతము 10.3 మీటర్లు. తొట్టిలోని నీటిమట్టము పంపు కంటె ఎత్తుననున్నచో ఆ ఎత్తు పైరాబడి. పల్లమున నున్నచో అంత కోత. సక్షన్ గొట్టపు రాపిడి, వంపులు, వాల్వులు, జాలీ, ఇవి ఖర్చులు. చివరి ఖర్చు నీటి వేడి. నీరు ఎంత వేడిగా నున్న అంత తొందరగా ఆవిరి కాజూచును గనుక, ఆ తొందరను అణచుటకు కొంత జీతము పోవును. 30 డిగ్రీల వద్ద అది అర మీటరు లోపు. 60 వద్ద రెండు మీటర్లు. 80 వద్ద ఐదు మీటర్లు. 90 వద్ద ఏడు మీటర్లకు పైన. అన్ని ఖర్చులు పోగా మిగిలిన దానితో పంపు బ్రతుకవలెను. ఎంత మిగిలిన చాలునో పంపు చేసినవారు తమ పత్రములో వ్రాయుదురు.

ఒక ఉదాహరణము. పంపు కోరునది 4 మీటర్లు. తొట్టి నీరు పంపునకు ఒక మీటరు పైన. సక్షన్ గొట్టపు ఖర్చు రెండున్నర. చన్నీటితో కడుగునప్పుడు 10.3కు 1 కలిపి, 2.5ను, 0.4ను తీసివేసిన 8.4 మిగులును. పంపు పిల్లివలె నిశ్శబ్దము. అదే పంపు, అదే గొట్టము, 80 డిగ్రీల సోడా ద్రవమునకు మార్చుడు. ఇప్పుడు మిగులు 3.8. పంపు గరగరలాడును. లెక్కను సుగమము చేయుటకై స్వల్ప భేదములను విడిచితిని, ఫలితము మారదు. చన్నీళ్ళకు ఊరకుండి వేడినీళ్ళకు అరచు పంపును చూచి మెకానిక్కులు దయ్యము పట్టినదని నవ్వుకొనుట కలదు. దయ్యము ఐదు మీటర్ల పొడవుగలది.

పంపు వారి పత్రములోని అంకెను గూర్చి ఒక మాట. ఆ 4 మీటర్లు సుఖముగా నడచుటకు వలసినది కాదు. ఒత్తిడిని తగ్గించుచు పోయి, పంపు బలము నూటికి మూడు పాళ్ళు పడిపోయిన చోట గీచిన గీత అది. అనగా ఆ గీత వద్దకు వచ్చుసరికే బుడగలు పుట్టి యుండును. కనుక ఆ అంకెకు మీద కనీసము ఒక మీటరైనను మిగులు చూచుకొనువాడే బుద్ధిమంతుడు.

చప్పుడు విన్నంతనే పంపు విప్పుట మన వారి అలవాటు. గుంటలు పడిన చక్రము కనబడును. క్రొత్త చక్రము వేయుదురు. కొన్ని నెలలకు అదియు అట్లే యగును. తరువాత, ఈ పంపు చాలదు, పెద్దది తెండని నిశ్చయింతురు. పెద్ద పంపు అదే సన్నని సక్షన్ గొట్టము నుండి ఎక్కువ నీరు కోరును, రాపిడి ఖర్చు ఇంకను పెరుగును, గరగర రెట్టింపగును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు బదులు పెద్ద విస్తరి వేసినట్లున్నది. నా అభిప్రాయమున ఇట్టి చోటుల పంపు నిర్దోషి. దోషము పంపునకు ముందున్న గొట్టములో వెదుకవలెను.

మొదట అది నిజముగా బుడగపోటో, గొట్టములో గాలి చొరబడుటో తేల్చుకొనవలెను. రెంటి చప్పుడును అనుభవము లేని చెవికి ఒక్కటే. డెలివరీ వాల్వును మెల్లగా కొంత మూసి చూడవలెను. నీటి పరిమాణము నూటికి ఇరువది తగ్గినచో సక్షన్ రాపిడి మూడింట ఒక వంతుకు పైగా తగ్గును. పంపు కోరికయు తగ్గును. గరగర అణగినచో అది బుడగపోటే. అణగనిచో గ్లాండు, ఫ్లాంజీల వాషర్లు, గొట్టపు అతుకులు చూడవలెను. సబ్బునురుగు పూసినచో గాలి పీల్చు చోటు తెలియును. ఇది పరీక్ష మాత్రమే, చికిత్స కాదు. డెలివరీ మూసి చప్పుడు మాన్పించి ఇంటికి పోయినచో గొట్టములోని వేగము 1.5 మీటరుకు దిగిపోవచ్చును. పంపు బ్రతికినను పాలు చెడును. సక్షన్ వాల్వును మాత్రము ఎన్నడును మూయరాదు. అది గొంతు నొక్కి దగ్గు మాన్పించుట.

బుడగపోటని తేలిన పిదప మొదట చూడవలసినది జాలీ. కడుగుడు పంపుల విశేషమంతయు ఇందే కలదు. మామూలు పంపునకు శుభ్రమైన నీరు వచ్చును. కడుగుడు పంపునకు తాను కడిగిన మురికియే తిరిగి వచ్చును. పాల గడ్డలు, వాషరు తునకలు, ఓడ రేవులో నైనచో రంగు పెచ్చులు, బస్సుల వద్ద నైనచో మట్టి, అన్నియు జాలీలో చిక్కును. ఎంత చక్కగా కడిగిన అంత త్వరగా జాలీ మూసికొనిపోవును. పై ఉదాహరణములోని రెండున్నర మీటర్లలో మీటరున్నర జాలీదే అనుకొనుడు. దానిని కడిగి పెట్టినంతనే మిగులు 3.8 నుండి ఐదు దాటును. ఖర్చు ఒక బకెట్టు నీరు. జాలీకి ఇరుప్రక్కల రెండు మీటరు గడియారములు బిగించినచో దాని బరువు ఎప్పటికప్పుడు తెలియును. చాలచోట్ల ఒక్కటియు ఉండదు; ఉన్నచోట అద్దము పగిలి యుండును.

తరువాత తొట్టి. నీటిమట్టము తగ్గినచో పైరాబడి తగ్గుటయే గాక, గొట్టపు నోటిమీద సుడి ఏర్పడి గాలిని లోనికి తీసికొనిపోవును. తిరిగివచ్చు ద్రవము పైనుండి ధారగా పడి నురుగు గట్టినను అదే ఫలితము. తిరుగు గొట్టమును నీటి క్రిందికి దింపుట, నోటికి దూరముగా మార్చుట సులభమైన పనులు.

వేడి తగ్గింపరాదా యని అడుగవచ్చును. 80 డిగ్రీలకు మారుగా 70 చాలునన్నచో మీటరున్నరకు పైగా మిగులును. కాని క్రొవ్వును వదల్చుటకే ఆ వేడి. దానిని తగ్గించుట పంపు నడుపువాని ఇష్టము కాదు. పాలకేంద్రపు రసాయన శాస్త్రజ్ఞుడు ఒప్పుకొనవలెను. మిగిలినవి గొట్టపు మార్పులు. రెండంగుళముల సక్షన్ గొట్టము తీసి మూడంగుళములది వేసినచో రాపిడి ఏడెనిమిదవ వంతుకు దిగును. పంపు ముక్కునకు ఆనించి వంపు పెట్టక, కొంత నిడివి తిన్నని గొట్టము ఉంచవలెను. లావు గొట్టము పంపు నోటికి సన్నగిలుచోట పైభాగము సమముగా నుండు అతుకు వేయవలెను. లేనిచో పైన గాలి గూడు కట్టుకొనును.

ఓడలను కడుగు పంపులది వేరొక జాతి. 1941లో సింధియా కంపెనీ పునాది వేసి, 1952లో హిందూస్థాన్ షిప్‌యార్డుగా మారిన మన నౌకా నిర్మాణ కేంద్రము వంటి చోటుల ఓడ అడుగున పట్టిన గుల్లలను, నాచును, పాత రంగును అధిక పీడనపు నీటి ధారతో గీకివేయుదురు. కొన్ని వందల నుండి రెండు వేల వాయుపీడనముల వరకు ఆ ధార ఉండవచ్చును. ఇట్టి బలమును తిరుగు చక్రము ఈయలేదు. సిలిండరులో ముందు వెనుకలాడు పిస్టన్లు ఈయవలెను. ప్రతి అడుగునకును సక్షన్ గొట్టములోని నీరంతయు ఒక్కసారి కదలి, ఒక్కసారి ఆగవలెను. ఆ కుదుపులో ఒత్తిడి పడిపోయి బుడగలు పుట్టును. కనుక ఈ పంపులను తొట్టి నుండి నేరుగా పీల్చుకొననీయక, ముందొక చిన్న పంపు పెట్టి నీటిని నోటికి అందింతురు. చిన్న పంపు చెడినదని పెద్దదానిని ఒంటరిగా నడుపుట అన్యాయము.

బస్సులను, కార్లను కడుగు చిన్న యంత్రములలో ఒక తెలియని మోసము కలదు. పనివాడు తుపాకి మీట విడిచి సబ్బు రాయబోవును; మోటారు తిరుగుచునే యుండును. బయటికి పోవు దారి లేక నీరు పంపులోనే చుట్టు తిరుగును. కొన్ని నిమిషములలో ఆ కొంచెము నీరు బాగుగా వేడెక్కును. మరల మీట నొక్కగనే వేడినీటి బుడగపోటు. సీళ్ళు ఊడిపోవును; నాసిరకపు సీళ్ళని అంగడివానిని నిందింతురు. రెండు మూడు నిమిషములకు మించి పని లేనిచో మోటారు నాపవలెను.

ఇంత అల్లరి చేయు బుడగను మనుష్యుడు పనికి పెట్టుకొనకపోలేదు. కళ్ళజోళ్ళ దుకాణమున చిన్న నీటి తొట్టిలో మీ కళ్ళజోడు ముంచి, మీట నొక్కి, నిమిషములో మెరయునట్లు తీసి యిచ్చుట చూచియుందురు. అందులో నీటిని సెకనుకు సుమారు 40,000 సార్లు అదిలింతురు. ప్రతి అదలింపునకును బుడగలు పుట్టి, సందుగొందులలో నలిగి, కుంచె చొరని చోటి మట్టిని వదల్చును. దంతవైద్యుల పరికరములను కడుగుటకును ఇదే ఉపాయము. పాలకేంద్రపు చక్రమును తినునదియు, కళ్ళజోడును తళతళలాడించునదియు ఒకే బుడగ.

ఇక మన మేడల క్రింది మోటారు. నీరు చల్లనిది గనుక వేడి బెడద లేదు. గరగర నీరెక్కించుట ముగియు వేళనే వచ్చినచో సంపులో మట్టము దిగి గాలి పోవుచున్నది. మొదటి నుండియు వచ్చినచో ఫుట్‌వాల్వు జాలీకి నాచు పట్టి యుండును, లేదా గొట్టము మరమ్మతులో ఎవరో సన్నని ముక్క నతికి యుందురు. స్విచ్చి తీసివేసి, సంపు మూత తెరచి మట్టము చూడుడు. ఫుట్‌వాల్వును పైకి తీయించి జాలీ కడిగింపుడు. మెకానిక్కును పిలుచుట ఆ తరువాత.